కూడబెట్టడం – కూడి బ్రతకడం

1930వ సంవత్సరం మార్చి 29వ తేదీ. సూరత్ జిల్లా ఓల్పాడ్ తాలూకాలోని భట్‌గామ్ గ్రామం. సబర్మతీ ఆశ్రమం నుండి బయలుదేరి పదునెనిమిది రోజులుగా నడుస్తూ వస్తున్న సత్యాగ్రహుల బృందం ఆ రాత్రికి అక్కడ విడిది చేసింది. దారి పొడవునా జరిగిన సభలలో గాంధీజీ ఉప్పు పన్నును గూర్చి, ఖద్దరును గూర్చి, మద్యపాన నిషేధాన్ని గూర్చి మాట్లాడుతూ వచ్చారు. ఆ రాత్రి మాత్రం ఆయన ప్రభుత్వాన్ని ప్రక్కకు పెట్టి, తననూ తన బృందాన్నీ బోనులో నిలబెట్టారు.

ఆరోపణలు వినడానికి చిన్నవే. బృందానికి పాలు, కూరగాయలు సూరత్ నుండి మోటారు లారీలో తెప్పించారు. రాత్రి నడకలో వెలుతురు కోసం ఒక కూలివాని తలపై పీట పెట్టి, దానిమీద బరువైన కిట్సన్ దీపం నిలబెట్టారు. పెళ్ళి ఊరేగింపులలో పెట్రోమాక్సు దీపాలు మోసేవారిని ఎరిగిన మనకు ఆ దృశ్యాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. ఆ కూలివానిని త్వరగా నడవమని వెనుకనుండి తొందరపెడుతున్నారు. గాంధీజీ ఆ దృశ్యం చూడలేక, దానిని వెనుక వదలివేయాలని తానే వడివడిగా నడిచి అందరికంటే ముందుకు పోయారు. ఫలితం విపరీతమైంది. దీపం ఆయన వెంటే ఉండాలి గనుక, ఆ కూలివానిని కూడా ఆయన వెనుక పరుగెత్తించారు.

ఇది వెట్టిచాకిరీ కాక మరేమిటని ఆయన సభలో నిలదీశారు. వెట్టిని ఖండించేవారే వెట్టి చేయించుకుంటే వారి మాటకు విలువ ఏమున్నది? ఆ నెల రెండవ తేదీననే ఆయన వైస్రాయికి లేఖ వ్రాసి, నెలకు 21,000 రూపాయల జీతం ఈ బీదదేశపు సగటు ఆదాయానికి ఎన్ని వేల రెట్లో లెక్కకట్టి చూపించారు. తాము తినే తిండికి, వాడే దీపాలకు అయ్యే ఖర్చు బీదవాని రోజు సంపాదనకు ఏబది రెట్లు ఉంటే, వైస్రాయిని వేలెత్తి చూపే హక్కు తమకు ఉండదని ఆ రాత్రి ఆయన ఒప్పుకున్నారు.

ఒక్క దీపం విషయంలో ఇంత పట్టింపు అవసరమా అని తోచవచ్చు. ఆ బృందం ఎట్టిదో తెలిస్తే ఆ పట్టింపు అర్థమవుతుంది.

ఒక అక్షరపు తేడా

గాంధీజీతో బయలుదేరినవారు 78 మంది. వేరువేరు రాష్ట్రాలవారు, వేరువేరు కులాలవారు, వేరువేరు మతాలవారు. ఆంధ్రదేశం నుండి ఎర్నేని సుబ్రహ్మణ్యం వారిలో ఉన్నారు. అందరిదీ ఒకే పంక్తి, ఒకే భోజనం, ఒకే నేలపై పడక. ఎవరి సంచి వారిదే, ఎవరి గుడ్డలు వారు ఉతుక్కోవలసిందే. ఇది దారిలో పుట్టిన ఏర్పాటు కాదు. ఆశ్రమ జీవితాన్నే నడకకు ఎక్కించిన ఏర్పాటు. ఆశ్రమవాసులు పాటించవలసిన పదకొండు వ్రతాలలో అపరిగ్రహం ఒకటి. దానినే అసంగ్రహమనీ అంటారు. అవసరానికి మించినది దగ్గర ఉంచుకొనరాదని దాని భావం.

ఇక సూరత్ నగరంలోనే ‘సర్దార్ సంగ్రహాలయం’ అనే పేరుగల పాత ప్రదర్శనశాల ఒకటి ఉన్నది. దానిని 1890లో నెలకొల్పారు. ఆనాటి జిల్లా కలెక్టరు వించెస్టర్ పేరుమీద మొదట వించెస్టర్ మ్యూజియం అని పిలిచారు. పన్నులు పోగుచేసే అధికారి పేరు, పాతవస్తువులు పోగుచేసిన ఇంటికి పెట్టడం ఒక చమత్కారం. స్వాతంత్ర్యం తరువాత దానికి సర్దార్ పటేల్ పేరు పెట్టారు. ఆ ఊరి జరీ నేత, కొయ్య చెక్కడం, పింగాణీ, నాణేలు, చిత్రాలు తరతరాలుగా అందులో చేరుతూ వచ్చాయి.

ఒకే జిల్లాలో సంగ్రహాలయానికీ చోటు దొరికింది, అసంగ్రహ వ్రతానికీ చోటు దొరికింది. పదాలలో తేడా ఒక్క ‘అ’కారమే. ఆచరణలో మాత్రం ఒకటి ‘దాచు’ అంటుంది, రెండవది ‘విడిచిపెట్టు’ అంటుంది. తెలుగువాని నోట ఈ రెండింటికీ ఒకే మూలమున్న మాటలు ఉండటం విశేషం. పోగుచేస్తే కూడబెట్టడం, పదిమందితో కలసి ఉంటే కూడి బ్రతకడం. ఈ రెండు కూడికలకు పొత్తు కుదురుతుందా అన్నదే ప్రశ్న.

సముద్రంలో పడిన దుర్భిణి

ఈ ప్రశ్న మొదట కఠినంగా ఎదురైనది దక్షిణాఫ్రికాలో. రస్కిన్ రచన చదివిన ప్రభావంతో 1904లో గాంధీజీ డర్బన్ నగరానికి సమీపంలో ఫీనిక్స్ అనేచోట నూరు ఎకరాల భూమి కొని, అచ్చుయంత్రాన్ని అక్కడికి తరలించారు. సంపాదకుడైనా, అక్షరాలు కూర్చేవాడైనా, తెల్లవాడైనా, నల్లవాడైనా నెలకు 3 పౌండ్లే జీతమని అక్కడి నియమం. ఆరేళ్ళ తరువాత, 1910లో, జోహాన్నెస్‌బర్గ్‌కు ఇరవై ఒక్క మైళ్ళ దూరాన టాల్‌స్టాయ్ క్షేత్రం వెలసింది. సత్యాగ్రహంలో జైలుకు పోయినవారి కుటుంబాలకు ఒక నీడ కావలసివచ్చింది. హెర్మన్ కాలెన్‌బాక్ అనే యూదు వాస్తుశిల్పి తన 1,100 ఎకరాల తోటను అద్దె లేకుండా ఇచ్చాడు. అక్కడ గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివారు, వారితోపాటు ఆంధ్రదేశం నుండి వచ్చినవారు కూడా నివసించారని గాంధీజీ స్వయంగా వ్రాశారు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, పార్సీలు ఒకే వంటశాలలో వండుకొని ఒకే పంక్తిలో తిన్నారు. పాకీపని మొదలు వడ్రంగం వరకు పనులన్నీ తామే చేసుకున్నారు. చెప్పులు కుట్టే పని కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ సన్యాసుల మఠంలో నేర్చుకొని వచ్చి మిగిలినవారికి నేర్పాడు.

భూమిని ఇచ్చివేసిన ఆ కాలెన్‌బాక్‌కు ఒక చిన్న ముచ్చట ఉండేది. మంచి జంట దుర్భిణులంటే ఆయనకు ప్రాణం. ఖరీదైనవి ఒకటి రెండు ఆయన దగ్గర ఉండేవి. 1914లో గాంధీజీతో కలసి ఓడలో మూడవ తరగతిలో ఇంగ్లండుకు పోతున్నప్పుడు, దానిని గూర్చి ఇద్దరి మధ్య రోజూ చర్చ జరిగేది. నిరాడంబర జీవితం కోరుకున్నవానికి ఈ వస్తువుమీద మమకారమేమిటని ఒకరి ప్రశ్న. ఒకనాడు ఓడ కిటికీ దగ్గర నిలబడి ఉండగా, వాదించుకోవడం కంటే దీనిని సముద్రంలో పారవేసి తగవు తీర్చుకోరాదా అన్నారు గాంధీజీ. కాలెన్‌బాక్ సరేనన్నాడు. 7 పౌండ్ల దుర్భిణి సముద్రం పాలయింది. దాని విలువ డబ్బులో లేదనీ, కాలెన్‌బాక్‌కు దానిమీద ఉన్న మోహంలోనే ఉన్నదనీ గాంధీజీ తరువాత వ్రాశారు.

వినడానికి ఇది గొప్ప త్యాగం. కాని నెమ్మదిగా ఆలోచిస్తే మనసులో ఒక ముల్లు మిగిలిపోతుంది. ఆ దుర్భిణి ఎవరి కడుపు కొట్టింది? టాల్‌స్టాయ్ క్షేత్రంలోని పిల్లలకు దానితో రాత్రి ఆకాశంలోని చంద్రుని చూపించి ఉంటే అది మోహమయ్యేదా, పాఠమయ్యేదా? సముద్రంలో పడిన వస్తువు యజమానికీ దక్కలేదు, సమాజానికీ దక్కలేదు.

ఈ ముల్లు గాంధీజీకి అంతకుముందే ఇంట్లోనే గుచ్చుకున్నది. 1901లో ఆయన దక్షిణాఫ్రికా విడిచి స్వదేశానికి బయలుదేరినప్పుడు అక్కడి భారతీయులు బంగారం, వెండి, వజ్రాల కానుకలు ఇచ్చారు. కస్తూర్బాకు 50 గినీల విలువగల బంగారు హారం ఇచ్చారు. ఆ రాత్రి గాంధీజీకి నిద్ర పట్టలేదు. సేవకు ప్రతిఫలం పుచ్చుకొనరాదని తెల్లవారేసరికి నిశ్చయించుకున్నారు. కస్తూర్బా మాత్రం సులభంగా ఒప్పుకోలేదు. భర్త చేసిన సేవలో భార్య చాకిరీ లేదా అని ఆమె అడిగారు. ఇంటికి వచ్చినవారందరికీ రాత్రింబగళ్ళు తాను ఊడిగం చేసిన సంగతి గుర్తుచేశారు. ఆ మాటలలో కొన్ని సూటిగా తగిలాయని గాంధీజీ ఆత్మకథలో దాచకుండా చెప్పుకున్నారు. చివరకు ఆయన మాటే నెగ్గింది. అయితే ఆ నగలు సముద్రంలో పడలేదు. ధర్మకర్తలను నియమించి, పత్రం వ్రాసి, సమాజ కార్యాలకు వినియోగించే నిధిగా బ్యాంకులో ఉంచారు.

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దుర్భిణి విషయంలో వస్తువు నశించింది. హారం విషయంలో వస్తువు నిలిచింది, యాజమాన్యం మారింది.

అభిరుచికి ఉన్న మేలు

సేకరణ అనే అభిరుచిని చిన్నచూపు చూడనవసరం లేదు. అగ్గిపెట్టెల బొమ్మలు, నెమలి ఈకలు, గోళీలు పోగుచేయని బాల్యం అరుదు. పిల్లవాడు తపాలా బిళ్ళలను నీటిలో నానబెట్టి, కవరునుండి ఊడదీసి, ఆరబెట్టి, దేశాల వారీగా అంటించుకుంటున్నప్పుడు ఓపిక నేర్చుకుంటాడు, భూగోళం నేర్చుకుంటాడు. తన దగ్గర రెండేసి ఉన్నవి ఇచ్చి, లేనివి పుచ్చుకోవడంలో ఇచ్చిపుచ్చుకోవడమూ నేర్చుకుంటాడు. పాత నాణెంమీది అరిగిన అక్షరాలు చదివే ముసలాయన చరిత్రను వ్రేళ్ళతో తడుముతాడు. పదిమంది పారవేసినదాన్ని ఒకడు ఏరి దాచకపోతే, రేపటివారికి నిన్నటి బ్రతుకు ఎట్లా తెలుస్తుంది? అందరూ అసంగ్రహ వ్రతమే పట్టి ఉంటే సూరత్ సంగ్రహాలయంలో జరీ నేతపని ముక్కైనా మిగిలేది కాదు.

హైదరాబాదువారికి దీనికి నిదర్శనం ఎక్కడో వెదకనక్కరలేదు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ తన జీవితాన్నీ సంపదనూ వస్తు సేకరణకే వెచ్చించాడు. ఆయన పెండ్లి చేసుకోలేదు. 1949లో ఆయన కన్నుమూసేనాటికి దివాన్ దేవిడీ గదులలో దేశదేశాల వస్తువులు కిక్కిరిసి ఉన్నాయి. ఒక ప్రభువు తన ఒక్కని ఆనందానికి తలుపులు మూసి ఉంచుకోగల ఆ వస్తువులకు 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతులమీదుగా ప్రజల కోసం తలుపులు తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా ఆ ప్రదర్శనశాల జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. గంట కొట్టే బొమ్మ గడియారం ముందు నిలబడి నోరు తెరిచి చూసే పల్లెటూరి బాలునికి నవాబు ఎవరో తెలియకపోవచ్చు. ఆ గడియారం మాత్రం ఆ క్షణంలో వానిది.

గాంధీజీ కూడా పరుల అభిరుచిని ప్రతిసారీ సముద్రంలో పారవేయమనలేదు. ప్రముఖుల సంతకాలు సేకరించేవారు ఆయన చుట్టూ మూగేవారు. ఆయన కసురుకోలేదు, ఉచితంగా ఇవ్వనూ లేదు. సంతకానికి 5 రూపాయలు హరిజన నిధికి చెల్లించమనేవారు. పుస్తకంలో సంతకం అభిమానికి, హుండీలో రూపాయలు సమాజానికి. దండి యాత్ర ముగింపులోనూ ఇదే జరిగింది. 1930 ఏప్రిల్ 6న, ఆనాడు సూరత్ జిల్లాలోను, నేడు నవసారి జిల్లాలోను ఉన్న దండి తీరాన ఆయన తీసిన ఉప్పును వేలం వేస్తే ఒక వైద్యుడు 1,600 రూపాయలకు కొన్నాడు. వాడితే ఒక పూట కూరకు సరిపోయే ఉప్పు. జ్ఞాపికగా అది ఉద్యమానికి ధనమైంది.

అదే అభిరుచి పగ్గం తెంచుకుంటే ఎక్కడికి పోతుందో చెప్పడానికీ గాంధీజీ పేరే సాక్ష్యం. 1948 ఆగస్టు 15న భారత తపాలా శాఖ గాంధీజీ బొమ్మతో నాలుగు తపాలా బిళ్ళలు విడుదల చేసింది. వాటిలో 10 రూపాయల బిళ్ళలు కొన్నింటిపై ప్రభుత్వ వాడకం కోసం ‘సర్వీస్’ అని అదనంగా ముద్రించారు. బయట మిగిలినవి వ్రేళ్ళమీద లెక్కింపదగినన్నే. అటువంటి నాలుగు బిళ్ళల వరుస ఒకటి 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. బిళ్ళపై ఉన్న మనిషి 7 పౌండ్ల దుర్భిణినే భరించలేకపోయాడన్నది గుర్తుకు వస్తే నవ్వాలో నిట్టూర్చాలో తెలియదు.

మేకుకు వ్రేలాడే సంచి

ఇక సూరత్‌లో నేటి ఉమ్మడి బ్రతుకును చూడకుండా ఈ విచారం పూర్తికాదు. ఈ నగరం మరమగ్గాల నగరం. ఆ మగ్గాలు నడిపేవారు ఎక్కువగా పరాయి ప్రాంతాలవారు. తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలి కుటుంబాలు తరాల క్రిందటే ఇక్కడికి వలసవచ్చి లింబాయత్ వంటి పేటలలో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఒడిశాలోని గంజాం జిల్లానుండి వచ్చినవారు మాత్రం ఎక్కువగా ఒంటరి మగవారు. వారి నివాసం మెస్సు. పొడవైన ఒక గది, మూల వంటశాల, నేలపై వరుసగా పడకలు. పన్నెండు గంటల పగటి జట్టు పనికి పోగానే, రాత్రి జట్టు వచ్చి అదే చోట నడుము వాలుస్తుంది. అన్నం, పప్పు అందరికీ ఒకటే. ఖర్చు అందరికీ సమానమే. ఒక్కొక్కరి ఆస్తి గోడకు కొట్టిన మేకుకు వ్రేలాడే సంచి, లేదా ఒక రేకు పెట్టె.

పైకి చూస్తే ఇది కూడా ఆశ్రమమే. ఒకే పంక్తి, ఒకే నేల, అవసరానికి మించిన వస్తువు లేదు. అయినా దీనిని ఎవరూ అసంగ్రహ వ్రతమని అనరు. విడిచిపెట్టడానికి ముందు కలిగి ఉండాలి. కాలెన్‌బాక్ విడిచిన భూమి ఆయనది. ఈ కార్మికుడు విడిచివచ్చినది తన ఊరు, అదీ ఇష్టంతో కాదు. 2020 మార్చిలో దేశమంతటా రాకపోకలు నిలిచి మగ్గాలు ఆగిపోయినప్పుడు ఈ తేడా అందరికీ తెలిసివచ్చింది. వంతులవారీగా పడుకోవలసిన రెండు జట్లూ ఒకేసారి ఒకే గదిలో ఇమడవలసి వచ్చింది. కొద్దివారాలలోనే వేలాది కార్మికులు మమ్మల్ని మా ఊళ్ళకు పంపండని సూరత్ వీథులలోకి వచ్చారు. లేమిని సమానంగా పంచినంతమాత్రాన సమత్వం రాదు. ఆ గదిలో అందరూ సమానులే. కాని ఆ గదికీ ఊరికీ మధ్యనే సమానత లేదు.

అయినా ఆ మేకుకు వ్రేలాడే సంచి ఒక సత్యం చెబుతుంది. ఎంత ఉమ్మడిగా బ్రతికినా మనిషికి తనదనే పిడికెడు చోటు కావాలి. ఇంటి నుండి వచ్చిన ఉత్తరమో, బిడ్డ ఫొటోయో, ఊరి దేవుని పటమో దాచుకొనే చోటు. కస్తూర్బా హారం విడవడానికి ఎందుకు పెనగులాడారో ఆ సంచిని చూస్తే అర్థమవుతుంది. ఆ చోటును కాదనే ఉమ్మడి బ్రతుకు ఎంత ఉన్నతాశయంతో మొదలైనా నిర్బంధంగా మారుతుంది. ఆ చోటే లోకమనుకొనే సేకరణ పిసినారితనంగా మారుతుంది.

భట్‌గామ్‌లో గాంధీజీ కోపగించినది దీపంమీద కాదు, దాని వెలుతురుమీద కాదు. అది ఒకని తలపై ఉన్నందుకు, అతడు పరుగెత్తుతున్నందుకు. సేకరణకూ, ఉమ్మడి జీవితానికీ పనికివచ్చే కొలబద్ద ఆ ప్రసంగంలోనే దొరుకుతుంది. దాచుకున్నది ఏదైనా, పంచుకున్నది ఏదైనా దాని బరువు ఎవరు మోస్తున్నారు? దాని వెలుతురు ఎవరిమీద పడుతున్నది?

తపాలా బిళ్ళల ఆల్బమ్ ఇనుప పెట్టెలో ఉంటే కాగితాల కట్ట. పొరుగింటి పిల్లవాని ఒడిలో తెరిస్తే అదే ప్రపంచపటం. ఉమ్మడి వంటశాల వండేవానికీ అన్నం మిగిలిస్తే అది సమాజం, మిగల్చకపోతే సత్రం. సంగ్రహం, అసంగ్రహం అనే ఆ రెండు మాటల మధ్య ఉన్న ఒక్క అక్షరాన్ని దాటడానికి వస్తువును సముద్రంలో పారవేయవలసిన పనిలేదు. తలుపు తీసి ఉంచితే చాలును.